మూడు చేపలు

"ఎవరు చెప్పమన్నారు అత్తయ్యా మిమ్మల్ని?"

రుమొందాంగ్ ఈ మాట అడగడం పొద్దుటినుంచి ఇది మూడోసారి. మొదటిసారి అరిచింది. రెండోసారి ఏడ్చింది. ఇప్పుడు, కూరలో ఉప్పు పడిందా అని అడిగినంత మామూలుగా అడిగింది. లమ్రియాకు ఈ మూడోసారే ఎక్కువ భయం వేసింది.

ఆమె కోడలి వైపు తిరగలేదు. పెనాంగ్‌లోని ఆస్పత్రి దగ్గరి ఆ అద్దె ఇంటి వంటగదిలో, కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతూ నిలబడింది.

"ఎవరూ చెప్పమనలేదమ్మాయ్. మీ మామయ్యకొక్కరికే చెప్పాను. ఎవరితోనూ అనొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను."

"ఒట్టేసిన మనిషి శనివారం పెళ్లిలో మైకు పట్టుకున్నారు."

"సంతోషం పట్టలేక అన్నారు."

"రెండొందల మంది ముందు! నా కడుపు సంగతి! నాకే ఇంకా తెలియని సంగతి!"

గది మూల కుర్చీలో కూర్చున్న సాహత్ ఫోన్ లోంచి తల ఎత్తలేదు. సముద్రం అవతల సొంతూరు మెదాన్ నుంచి మెసేజీలు వస్తూనే ఉన్నాయి. చిన్నాన్నలు, మేనత్తలు, వాళ్ల పిల్లలు, చర్చి పెద్దలు, చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు. అందరికీ చేతులు జోడించిన బొమ్మ పంపుతున్నాడు. అంతకంటే ఏం పంపాలో అతనికి తోచలేదు.

"నువ్వయినా చెప్పవేం?" రుమొందాంగ్ భర్త వైపు తిరిగింది. "ఇంకా రక్తపరీక్ష ఫలితం రాలేదని రాయి. ఈ రోజు మధ్యాహ్నం వస్తుందని రాయి."

"రాద్దామనే చూస్తున్నా. చర్చి పెద్ద చూడు ఏం పంపాడో. 'తుంపల్ నాన్నకు శుభాకాంక్షలు' అని."

"తుంపల్ ఎవరు?"

సాహత్ నోరు మూసుకున్నాడు. లమ్రియా చేతిలో గిన్నె ఆగింది.

"ఎవరు సాహత్, తుంపల్?"

"నాన్న పెట్టిన పేరు. మన... పుట్టబోయేవాడికి."

రుమొందాంగ్ కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత నవ్వింది. నవ్వులా లేదు అది.

"బాగుంది. నాకు పుట్టబోయేవాడి పేరు చర్చి పెద్దకి తెలుసు. నాకు తెలియదు."

లమ్రియాకు మొగుడి మీద కోపం రావాలి. రాలేదు. అరవై తొమ్మిదేళ్ల బొనార్, పెళ్లి పందిట్లో మైకు పట్టుకుని ఎలా నిలబడి ఉంటాడో ఆమెకు కళ్లకు కట్టినట్టే ఉంది. వాళ్ల ఆచారంలో మనవడు పుట్టిన రోజున మనిషి పాత పేరు పోతుంది. ఫలానా తాత, ఫలానా నానమ్మ అయిపోతారు. బొనార్ తమ్ముళ్లు ముగ్గురూ ఎప్పుడో తాతలయ్యారు. వంశం పెద్దలు కూర్చునే చాప మీద ఆయన మాత్రం ఇంకా 'సాహత్ నాన్న'గానే మిగిలాడు. కూతుళ్ల పిల్లలు నలుగురున్నారు, కానీ వాళ్లు అల్లుళ్ల వంశాలవాళ్లు. చిన్న తమ్ముడు పై వరసలో కూర్చుంటే పెద్దన్న కింద వరసలో కూర్చోవాలి. పదకొండేళ్లు కూర్చున్నాడు. పైకి ఎప్పుడూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక చొక్కా గుండీలు విప్పుకుంటూ మాత్రం, "మళ్లీ నన్ను ఆ గుంజ పక్కనే కూర్చోబెట్టారే" అనేవాడు.

అందుకే గురువారం పొద్దున స్నానాల గదిలో చెత్తబుట్ట తీస్తూ, కాగితంలో చుట్టిపెట్టిన ఆ తెల్ల పుల్లని లమ్రియా చూసినప్పుడు, దాని మీద రెండు ఎర్ర గీతలు చూసినప్పుడు, ఆమె కాళ్లు ఆగలేదు. మెట్లు దిగి వీధిలోకి వెళ్లి మొగుడికి ఫోన్ చేసింది. "నిలిచిందండీ" అంది. అవతల్నించి చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆ ముసలాయన ఏడుస్తున్నాడని ఆమెకు తర్వాత అర్థమైంది.

"రెండు గీతలుంటే ఉన్నట్టే కదమ్మాయ్. డబ్బా మీద అలాగే రాశారు. నాకూ చదువొచ్చు."

"ఆ డబ్బా మామూలు ఆడవాళ్లకి అత్తయ్యా. మనకి కాదు." రుమొందాంగ్ బడిలో పిల్లలకు లెక్క విప్పి చెప్పే గొంతుతో అంది. "పిండాలు లోపల పెట్టాక నాకు ఇంజెక్షన్ ఇచ్చారు. మీరూ పక్కనే ఉన్నారు. నర్సు ఏమంది? ఇంట్లో పరీక్ష చేసుకోకండి, ఈ మందే రెండో గీత చూపిస్తుంది, మోసపోతారు అంది. అప్పుడు మీరేం చేస్తున్నారు?"

"నువ్వు తుమ్మకుండా ముక్కు పట్టుకున్నాను."

అది నిజం. సాహత్‌కు నవ్వు రాబోయి ఆగింది. ఈ పదకొండు రోజుల్లో లమ్రియా కోడల్ని తుమ్మనివ్వలేదు, దగ్గనివ్వలేదు, మెట్లు ఎక్కనివ్వలేదు. డాక్టరు నడవమన్నా సరే, మంచం మీంచి దిగితే ఊరుకోలేదు.

"అయితే నీకు తెలుసన్నమాట, అది అబద్ధపు గీతని. తెలిసీ ఎందుకు చూసుకున్నావు? నువ్వు చూసుకోకపోతే నేనూ చూసేదాన్ని కాదు కదా!"

తప్పు కొంచెమైనా అటు తోసేద్దామని అన్న మాట అది. అన్న క్షణమే లమ్రియాకు సిగ్గేసింది.

రుమొందాంగ్ గ్లాసు తీసుకుంది. మంచినీళ్లు వంపుకుంది, తాగలేదు.

"పదకొండేళ్లలో నా పుల్ల మీద రెండు గీతలు ఎప్పుడూ చూడలేదు అత్తయ్యా. అబద్ధమైనా సరే, ఒక్కసారి ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను. అంతే. ఒక నిమిషం చూసుకుని కాగితంలో చుట్టి పారేశాను."

కారుతున్న కుళాయి బిగించింది రుమొందాంగ్.

"ఇంకో సంగతి. పొద్దున రక్తం ఇచ్చినప్పుడు నర్సుకు మీ నంబరిచ్చాను. ఫలితం మొదట మీకే చెప్తుంది."

"నాకా? నాకెందుకు?"

"ఎలాగూ ఊరందరికీ చెప్పేది మీరే కదా. మధ్యలో నేనెందుకు?"

లమ్రియా గిన్నె బోర్లించింది. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కనిపించలేదు. పావడాకే తుడుచుకుంది.

అప్పుడు వీధి తలుపు గంట మోగింది.

*

వచ్చింది రుమొందాంగ్ తల్లీ తండ్రీ.

సరస్సు ఒడ్డున ఉన్న బలిగే నుంచి ఆదివారం బయల్దేరి, రాత్రి మెదాన్‌లో ఎవరింట్లోనో పడుకుని, పొద్దున విమానం ఎక్కి వచ్చారు. దోర్మౌలి చంకలో పెద్ద గిన్నె, గుడ్డతో మూట కట్టి ఉంది. వెనక కోస్తాన్ భుజాన మడిచిన నేత శాలువా. కడుపుతో ఉన్న కూతురికి పుట్టింటివాళ్లు కప్పే దీవెన శాలువా అది అని లమ్రియా చూడగానే పోల్చుకుంది.

పిల్లనిచ్చినవాళ్లు గుమ్మంలోకి వస్తే దేవుడు వచ్చినట్టే లేచి నిలబడాలి. వాళ్ల నోటి దీవెన లేకపోతే కడుపు పండదు, పంట పండదు. లమ్రియా గబగబా వెళ్లి రెండు చేతులతో వియ్యపురాలి చేతులు పట్టుకుంది.

"రండి వదినగారూ, రండి అన్నయ్యగారూ! ఒక్క మాట చెప్తే సాహత్ ఎదురొచ్చేవాడు కదా!"

"ఒక్క మాటే కదమ్మా కరువైంది!" దోర్మౌలి గిన్నె బల్ల మీద దించి నడుం పట్టుకుంది. ముఖం నిండా నవ్వే, మాటలో మాత్రం ముల్లుంది. "మా పిల్ల కడుపు పండిన సంగతి మాకెవరు చెప్పారో తెలుసా వదినగారూ? సంతలో చేపలమ్మే మనిషి! 'ఏవమ్మా, కూతురు నీళ్లోసుకుందటగా, మూడు చేపలు తూచనా' అంది. నేను నిలబడ్డ చోటే నిలబడిపోయా. మొదట వినాల్సింది మేమా, చేపలావిడా?"

"తప్పయిపోయింది వదినగారూ."

"పోనీలెండి. సంతోషంలో ఏ తప్పూ కనపడదు. ఏదీ నా బంగారం?"

రుమొందాంగ్ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. తల్లి వెళ్లి కూతురి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. "చిక్కిపోయావే. వాంతులా? నాకూ నీ అప్పుడు ఇంతే. మంచిదే, మంచిదే."

"అమ్మా..."

"మాట్లాడకు. కూర్చో. ఏవండీ, ఆ మూట విప్పండి. విమానం దగ్గర ఆఫీసరు ఒకడు తగులుకున్నాడు వదినగారూ. గిన్నె తెరవమన్నాడు. 'నాయనా, ఇది నా మనవడి చేప, నువ్వు ముట్టుకుంటే నేనూరుకోను' అన్నా. పాపం వాడు భయపడి పొమ్మన్నాడు."

కోస్తాన్ మూట విప్పాడు. పసుపూ, కొండ మిరియాల ఘాటూ గదంతా కమ్మేసింది. పొలుసు తీయని, తోక విరగని ఎర్ర చేపలు, పులుసు ఇగిరి మెరుస్తున్నాయి.

మూడు.

లమ్రియా కళ్లు వాటి మీదే ఉండిపోయాయి. పెళ్లినాడు ఒకటి పెట్టారు. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ ఒకటే. కొత్త దంపతులకు ఒకటి, సంతానం కలిగితే మూడు. పదకొండేళ్లుగా ఈ తల్లి తన కూతురికి ఒక్క చేప వండుతూ వచ్చింది. మూడు వండడానికి ఎంత పెద్ద గిన్నె కావాలో వెతుక్కుని ఉంటుంది. కట్టెల పొయ్యి మీద ఎంతసేపు కూర్చుని ఉంటుంది.

సాహత్ అమ్మ వైపు చూశాడు. చెప్పేయమనీ, చెప్పొద్దనీ, రెండూ ఉన్నాయి ఆ చూపులో.

"అత్తయ్యగారూ, ఇంకా ఫలితం..." అని మొదలుపెట్టాడు.

"ముందు కాస్త కాఫీ తాగండి బాబూ," అని కోస్తాన్ అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన మామూలుగా పది మాటలు మాట్లాడే మనిషి కాదు. అల్లుడింట్లో అల్లుడికే కాఫీ ఇచ్చేటట్టు అలా అన్నందుకు ఆయనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు చూశాక సాహత్ ఇక ఏమీ చెప్పలేకపోయాడు.

*

కాఫీ కలపడానికని లమ్రియా లోపలికి వచ్చింది. వెనకే రుమొందాంగ్ వచ్చింది.

"నువ్వు కూర్చోరాదూ."

"నా తల్లి ముఖం చూస్తూ అక్కడ కూర్చోలేను."

లమ్రియా పొయ్యి వెలిగించింది. నీళ్లు మరగాలి. మరిగేదాకా మాట్లాడక తప్పదు.

"నిలుస్తుందమ్మాయ్. ఈసారి నిలుస్తుంది. నా మనసు చెప్తోంది."

"పోయినసారీ మీ మనసు చెప్పింది అత్తయ్యా."

"పోయినసారి వేరు."

"అవును, వేరు. పోయినసారి ఇంకా రెండు పిండాలు మిగిలి ఉన్నాయి. ఇప్పుడవే పెట్టారు. ఇక లేవు. నాకు ముప్ఫై తొమ్మిది. మళ్లీ మొదట్నించీ మొదలుపెట్టాలంటే ఒంట్లో ఇంక అండాలేమీ లేవని డాక్టరు ముందే చెప్పేశాడు." గ్లాసులు ఒక్కొక్కటే తీసి వరసగా పెట్టింది. "నా ముప్ఫై మూడో ఏట వచ్చాం ఇక్కడికి. గుర్తుందా? ఆ డాక్టరు నా రిపోర్టులు చూసి ఏమన్నాడు? 'అమ్మా, ఆలస్యం చేయకండి, వచ్చే నెలలోనే మొదలుపెడదాం' అన్నాడు. ఇంటికెళ్లి చూస్తే మీ వంశంవాళ్లంతా ఎముకలు తవ్వుతున్నారు."

ఆ మూడేళ్లూ లమ్రియాకు కళ్లముందే ఉన్నాయి. బొనార్ తాతముత్తాతల ఎముకలు పాత గోతుల్లోంచి తీసి, కడిగి, కొండ మీద కొత్తగా కట్టిన సమాధి మందిరంలో పెట్టారు. ఏడు తరాలవాళ్లవి. పెద్ద కొడుకుగా బొనారే ముందు నడిచాడు. గేదెలు కోశారు, వాద్యాలు మోగించారు, జకార్తా నుంచి కూడా చుట్టాలు వచ్చారు. సాహత్ ఆఫీసుకు సెలవు పెట్టి ఇటుకలు లెక్కపెట్టాడు. కోడలు వంటశాలలో వందల మందికి అన్నం వార్చింది. పెనాంగ్ ప్రయాణం వచ్చే ఏడాదికి, మళ్లీ వచ్చే ఏడాదికి జరిగింది.

"పోయినవాళ్లకి ఇల్లు కట్టాం అత్తయ్యా. రావాల్సినవాళ్లని ఆగమన్నాం. వాళ్లు ఎంతకాలమని ఆగుతారు?"

నీళ్లు చిన్నగా పాడుతున్నాయి.

లమ్రియా ఆరేళ్లుగా దాచుకున్న మాట ఒకటుంది. చర్చిలో మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు కూడా దాన్ని మింగేసేది. ఈ పూట మింగుడు పడలేదు.

"నీకో మాట చెప్పాలి రుమొందాంగ్."

కోడల్ని పేరు పెట్టి పిలవడం ఆమెకు అలవాటు లేదు.

"ఆ ఎముకల పండగ ఒక్క ఏడాది వాయిదా వెయ్యమని మామయ్యని అడగండి అత్తయ్యా అని నువ్వు నన్ను బతిమాలావు. వెనక దొడ్లో, బట్టలారేస్తుంటే. నేను అడుగుతానన్నాను. రెండు రోజులాగి, అడిగాను, ఆయన ఒప్పుకోలేదు అన్నాను."

"ఊఁ."

"నేను అడగలేదు."

రుమొందాంగ్ కాఫీ పొడి డబ్బా మూత తీసింది.

"భయపడ్డాను. అందరూ ఉత్సాహంగా ఉన్నారు. నేనొక్కదాన్నీ అడ్డం పడితే, కోడలి మాట విని అత్త పితరుల పని ఆపిందంటారని భయపడ్డాను. అడిగుంటే ఆయన ఆగేవాడేమో. ఏమో, ఆగేవాడేమో! అడగనే లేదు నేను."

చెప్పేసి లమ్రియా తలవంచుకుంది. తిట్టనీ, కొట్టనీ అనుకుంది. ఎంత తిట్టినా తక్కువే అనుకుంది.

"నాకు తెలుసు అత్తయ్యా."

"ఏంటి?"

"మరుసటేడు నేనే వెళ్లి మామయ్యని అడిగాను. 'పోయినేడు అత్తయ్య అడిగితే కాదన్నారట, ఈసారైనా వెళ్లిరానివ్వండి' అని. ఆయన తెల్లబోయారు. 'నన్నెవరూ అడగలేదే' అన్నారు." రుమొందాంగ్ పొడి వేసి కలిపింది. "అప్పటికి సగం కట్టేశారు. ఇప్పుడెలా ఆపను అన్నారు."

"అయిదేళ్లు... నన్ను ఒక్క మాట అనలేదేమ్మా!"

"అంటే ఏమవుతుంది? మీరూ నేనూ ఒకే వంటింట్లో ఉండాలి కదా."

ఆ మాటలో కోపం లేదు. లమ్రియా కోపం కోసం వెతికింది. ఎక్కడైనా కాస్త దొరికితే ఊపిరి పీల్చుకుందామనుకుంది. దొరకలేదు.

పావడా మడతలో పెట్టుకున్న ఫోన్ మోగింది.

*

నర్సు మాటల్లో తొందర లేదు. పేరు అడిగింది, పుట్టిన తేదీ అడిగింది. లమ్రియాకు కోడలి పుట్టినరోజు నోట్లోకి రాలేదు. రుమొందాంగే పక్కనించి చెప్పింది.

"రక్తంలో గర్భం హార్మోన్ పద్నాలుగు వచ్చిందమ్మా," అంది నర్సు.

"అంటే?"

"తక్కువ. కానీ అసలు లేకుండా లేదు."

"ఉన్నట్టా లేనట్టా తల్లీ?"

"ఇప్పుడే చెప్పలేమమ్మా. ఇంజెక్షన్ తాలూకు మిగిలిందేదైనా కావచ్చు. ఆలస్యంగా అంటుకుని ఇప్పుడిప్పుడే మొదలవుతున్నదైనా కావచ్చు. బుధవారం పొద్దున మళ్లీ రక్తం ఇవ్వండి. పెరిగితే ఉన్నట్టు. మాత్రలు ఆపకండి."

"నీకేమనిపిస్తోంది? నువ్వు ఇలాంటివి చాలా చూసుంటావు కదా."

"చూశానమ్మా. రెండు రకాలూ చూశాను."

ఫోన్ పెట్టేశాక లమ్రియా అంకె చెప్పబోయింది.

"వినపడింది," అంది రుమొందాంగ్. "పోయినేడు తొమ్మిది. రెండు రోజులకి సున్నా."

"పద్నాలుగు తొమ్మిదికంటే ఎక్కువే కదమ్మా."

లెక్కల టీచరైన రుమొందాంగ్ ఆ మాటకు అత్త వైపు చూసింది. మొదటిసారి ఆ చూపులో జాలి లాంటిదేదో కనిపించింది.

"ఎక్కువే అత్తయ్యా."

*

ముందుగదిలో దోర్మౌలి అంతా సిద్ధం చేసేసింది. పెద్ద పళ్లెంలో అన్నం పరిచి, దాని మీద మూడు చేపల్నీ పక్కపక్కనే, తలలు కూతురూ అల్లుడూ కూర్చోబోయే వైపుకు పెట్టింది. కోస్తాన్ శాలువా మడత విప్పుతున్నాడు. ప్రార్థన ఏ మాటతో మొదలుపెట్టాలా అని పెదాలు కదుపుతున్నాడు.

"రావే, కూర్చో. బాబూ, మీరూ ఈ పక్కకి."

"వదినగారూ, ఒక్క క్షణం." లమ్రియా పళ్లేనికి ఎదురుగా నిలబడింది. పిల్లనిచ్చినవాళ్ల ముందు నిలబడి మాట్లాడకూడదని గుర్తొచ్చి నేల మీద కూలబడింది. "నేను తప్పు చేశాను. ఫలితం రాకముందే నోరు జారాను. ఇప్పుడే ఆస్పత్రినుంచి ఫోన్ వచ్చింది. ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. బుధవారం గానీ తెలియదట."

దోర్మౌలి చేతిలో నీళ్ల గ్లాసుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడింది.

"అంటే... వాంతులు?"

"వాంతులు లేవమ్మా," అంది రుమొందాంగ్. "నువ్వే అనుకున్నావు."

చేపలు అందరి వైపూ చూస్తున్నట్టే ఉన్నాయి. చివరికి దోర్మౌలి వంగి, పళ్లెం అంచు పట్టుకుంది.

"రెండు తీసేద్దాం. ఒకటి ఉంచుదాం. ఒకటైతే తప్పు లేదు కదండీ? ఎప్పుడూ పెట్టేదే కదా."

"వద్దు," అన్నాడు కోస్తాన్.

"మూడూ ఎలా పెడతామండీ? లేనిదానికి పెడితే..."

"పెట్టింది తియ్యొద్దు. నువ్వు తీస్తే నా కూతురు చూడాలి అది."

లమ్రియా తట్టుకోలేకపోయింది. ఇదంతా తన నోటివల్ల. ఇక్కడ జరిగింది ఇక్కడ సర్దుకున్నా, అక్కడ మెదాన్‌లో ఆ పేరు ఒక్కో నోటా ఇంకా ఇంకా పాకుతోంది. వచ్చే ఆదివారం చర్చిలో కూడా చదువుతారట. వీళ్ల ముందే దాన్ని ఆపాలి. వీళ్లు వినేటట్టే మొగుడి చేత ఆ పేరు వెనక్కి తీయించాలి. అప్పుడు గానీ తన తప్పులో ఆవగింజంతైనా దిగదు. ఆరేళ్ల కిందట అడగని నోటితో ఈ రోజు అడగాలి.

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా స్పీకర్ నొక్కింది.

"ఏం తుంపల్ నానమ్మా!" బొనార్ గొంతు గదంతా నిండింది. వెనక ఎవరో మగవాళ్లు నవ్వుతున్నారు. "చెప్పు, ఏం తినాలనుందట నా కోడలికి?"

"ఆ పేరుతో పిలవకండి. వినండి. నేను తొందరపడ్డాను. అది మందు చూపించిన గీత. ఇంకా ఏమీ తేలలేదు. మీరు ఆ పేరు వెనక్కి తీసుకోండి. చర్చిలో చదవనివ్వకండి."

వెనక నవ్వులు ఆగిపోయాయి. తలుపు వేసిన చప్పుడు వినపడింది. బొనార్ వేరే గదిలోకి వచ్చినట్టున్నాడు.

"నువ్వేగా చెప్పావు."

"నేనే. తప్పు నాదే. అందుకే చెప్తున్నా."

"వెనక్కి తీసుకోవడమేంటే? పెద్దలు నా నెత్తిన బియ్యం చల్లారు. పై వరసలో నాకు చోటిచ్చారు. ఇప్పుడెళ్లి, కాదు బాబూ, నేను మళ్లీ గుంజ పక్కకే పోతాను అననా?"

"అనండి. నా కోసం అనండి."

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది. ఆ తర్వాత వచ్చిన గొంతులో కోపం లేదు. అలిసిపోయిన ముసలి మనిషి, పెళ్లాం ఒక్కతే వింటోందనుకుని, మనసులో మాట బయట పెట్టినట్టుంది.

"పెట్టిన పేరు నిలబడాలి లమ్రియా. ఆ అమ్మాయి మోయలేకపోతే మోసేవాళ్లు ఇంకెవరైనా ఉంటారు. పదకొండేళ్లు చూశాం. సాహత్‌కి నలభై రెండే. వాడేం ముసలాడు కాదు..."

"ఏవండీ! వదినగారు వాళ్లు ఇక్కడే..." లమ్రియా ఫోన్ మీదికి వంగింది. వేళ్లు ఎక్కడెక్కడో తగిలాయి. స్పీకర్ శబ్దం ఇంకా పెరిగింది కానీ ఆగలేదు.

ఇక ఆపే అవసరమూ లేకపోయింది. అవతల బొనారే ఆగిపోయాడు.

కోస్తాన్ శాలువా మళ్లీ మడత పెట్టాడు. నిదానంగా, అంచుకు అంచు కలిపి.

"అమ్మాయ్, బట్టలు సర్దుకో," అన్నాడు.

"అన్నయ్యగారూ, ఆయన కావాలని అనలేదు. మీరున్నారని తెలియక..."

"తెలియకే అన్నారమ్మా. అందుకే నిజం."

లమ్రియా ఆయన కాళ్ల వైపు చేతులు చాపింది. ఆయన వెనక్కి జరిగాడు.

"నాన్నా, బుధవారం దాకా నేను కదలను," అంది రుమొందాంగ్. గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది, కానీ గొంతు నిలకడగా ఉంది. "లోపల ఉందో లేదో నాకే తెలియదు. ఉంటే దానికేం తెలుసు పాపం, ఇక్కడేం జరుగుతోందో. బుధవారం రక్తం ఇచ్చి, మాట విని వస్తాను. ఆ తర్వాత, ఉన్నా సరే, లేకపోయినా సరే, మెదాన్‌లో ఆ ఇంటికి మాత్రం రాను. బలిగేకి వస్తాను. మీ దగ్గరికి."

దోర్మౌలి కొంగు నోట్లో కుక్కుకుంది.

రుమొందాంగ్ భర్త వైపు తిరిగింది. ఇంతసేపూ సాహత్ ఆ మూడు చేపల ముందు, తనకు చూపిన చోటే కూర్చుని ఉన్నాడు.

"నువ్వు?" అంది. "నువ్వెక్కడికి వస్తావు సాహత్?"

అతను తలెత్తాడు. పెళ్లాం ముఖంలోకి చూశాడు. నోరు తెరిచాడు. ఏదో చెప్పబోతున్నాడు, లమ్రియాకు తెలుసు. తన కొడుకు గొంతులో మాట ఎక్కడిదాకా వచ్చిందో తల్లికి తెలుస్తుంది. చెప్పరా, చెప్పు, అని ఆమె లోపల్లోపలే వేడుకుంది.

"సాహత్!" బల్ల మీంచి బొనార్ గొంతు. "ఉన్నావురా అక్కడ?"

తండ్రి పిలిస్తే రెండోసారి పిలిపించుకోకూడదని ఆ పిల్లవాడికి మాటలొచ్చిన రోజునుంచీ నేర్పింది లమ్రియానే. ఎంత బాగా నేర్పిందో, ఆ సోమవారం మధ్యాహ్నం ఆమె కళ్లారా చూసింది.

"ఉన్నాను నాన్నా," అన్నాడు సాహత్.